అన్నయ్యగారు గీసిన ఆఖరి గడి

నా పేరు సన్యాసమ్మ. వయసు డెబ్భై ఎనిమిదని పాస్‌పోర్టులో ఉంది, నా లెక్కకి ఇంకో రెండేళ్ళు ఎక్కువే. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. అమ్మాయి, అల్లుడు, కాలేజీలో సినిమా చదువు చదివే మనవరాలు, నేను. మొన్నటిదాకా ఇంకొకరు ఉండేవారు. అల్లుడి తండ్రి, అంటే మా వియ్యంకుడు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న కాఫీ తాగి, కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా మాటలు మెత్తన చేసి రాస్తుందేమోనని ప్రతి ముక్కా తిరిగి చదివించుకుంటున్నాను. ఈ పత్రికలోనే మా అల్లుడు తండ్రి గురించి రాశాడు. ఎక్కడ చదివారు, కార్ల కంపెనీలో ఎన్నేళ్ళు చేశారు, ఏం పదవి, అంతా నిజమే. ఆ మనిషి మాత్రం అందులో కనపడలేదు నాకు. దానికితోడు గుళ్ళో నలుగురూ ఒక మాట అంటున్నారు. తాత పోయిన దుఃఖంలో ఉన్న పిల్ల మీద ముసలావిడ పంతం నెగ్గించుకుందిట, పిల్ల సినిమాని పిల్లకి నచ్చినట్టు తియ్యనివ్వలేదుట. ఆ సినిమా ఆఖరి సీను గురించి ఆ మాట. నా వైపు నుంచి ఏం జరిగిందో కూడా వినండి.

అన్నయ్యగారు కార్ల కంపెనీలో బొమ్మలు గీసే పని చేశారు. తలుపు ఎలా తెరుచుకోవాలి, మనిషి కాలు ఎక్కడ పెట్టి దిగాలి, అన్నీ కాగితం మీద తేలాకే ఇనుము ముట్టుకునేవారుట. రిటైరైనా ఆ జబ్బు పోలేదు. పెన్సిళ్ళు బ్లేడుతో చెక్కి ఆ పొట్టంతా నా పోపులడబ్బా పక్కన పోసేవారు. డైనింగ్ టేబులంతా కాగితాలే. మేం నలుగురం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళం. ఒక కాగితం జరిపితే చాలు, "చెల్లెమ్మా, అది అక్కడే ఉండాలి" అనేవారు. ఒళ్ళు మండిపోయేది నాకు.

మనవరాలు కాలేజీకి పదిహేను నిమిషాల సినిమా తియ్యాలంది. కథ ఏమీ లేదు. ఒక ముసలావిడ వంటింట్లో గిన్నెలు తోమి, చెయ్యి తుడుచుకోకుండా వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది. ఆ ముసలావిడ వేషం నాది. తెలిసినవాళ్ళ వంటిల్లు అడిగి తీసుకున్నారు. అక్కడికి వెళ్ళకముందే సినిమా మొత్తం అన్నయ్యగారు గళ్ళు గళ్ళుగా బొమ్మలు గీసేశారు. స్టోరీబోర్డు అంటారు దాన్ని. ఏ గడిలో నేను ఎక్కడుంటాను, ఎటు నడుస్తాను, కెమెరా ఎటు కదులుతుంది, అన్నీ బాణాలు వేసి. ఇంకో కాగితం మీద ఇంటి పైకప్పు ఊడదీసి పైనుంచి చూసినట్టు గీశారు.

అంతటితో వదిల్తేనా. గరాజ్‌లోంచి కార్లు తీయించి నేలమీద టేపు అంటించారు. ఇది సింకు, ఇది పొయ్యి, ఇది గుమ్మం. లేని సింకులో లేని గిన్నెలు తోమించారు. ఒక పూట విసుగొచ్చి, లోపల నిజం గిన్నెలు గుట్టగా పడున్నాయి అన్నయ్యగారూ, అవి తోముకుంటూ నేర్చుకుంటాను అన్నాను. ఆయన నవ్వనైనా నవ్వలేదు. "మన సింకుకి గుమ్మం కుడివైపు. ఆ ఇంట్లో ఎడమవైపు. తప్పు అలవాటవుతుంది" అన్నారు. ఇంత కాగితం ఎందుకని మనవరాలే ఒకసారి అడిగింది. కాగితం మీది తప్పు రబ్బరుతో పోతుందమ్మా, అక్కడ చేసిన తప్పు మనుషుల మీద పడుతుంది అన్నారు. అది పడింది నా మీదే.

మొదటిరోజు షూటింగులో నేను నడవాల్సిన చోట నిలబడిపోయాను, నిలబడాల్సిన చోట నడిచాను. కెమెరా పట్టిన హారికకీ నాకూ తలలు ఢీకొన్నాయి. ఆ పిల్ల తెలంగాణ నుంచి ఎమ్మెస్‌కి వచ్చింది. నుదురు రుద్దుకుంటూ, ఏమైంది అమ్మమ్మా, బొమ్మ చూసుకోలేదా అంది. చూసుకునే నడిచాను. ఆయన నా బాణాలు ఎరుపులో గీశారు, కెమెరావి నీలంలో. ఈ దేశంలో నాకు చదవడం వచ్చిన అక్షరం ఒకటే, రోడ్డు మీద లైటు. ఎరుపు కనపడితే ఆగాలి. ఆగాను. రెండోది నీలమైనా, ఎరుపు కాదు కదా అని నడిచాను.

ఆ సంగతి చెబితే అందరూ నవ్వారు. అన్నయ్యగారు నవ్వలేదు. కాగితాలన్నీ కట్ట కట్టుకుని ఇంటికి తెచ్చి, నాలుగు రోజులు తలెత్తకుండా మళ్ళీ గీశారు. నా బాణాలన్నీ ఆకుపచ్చ. ఇంత చిన్నదానికి అన్నీ మార్చడం ఎందుకండీ, నేను గుర్తుపెట్టుకుంటాను కదా అన్నాను. మీరు గుర్తుపెట్టుకునే పనుంటే నేను గీయడం ఎందుకు అన్నారు. ఇన్నేళ్ళలో నాకు చదువు రాకపోవడం ఎదుటివాడి తప్పని లెక్కేసిన మనిషి ఆయనొక్కరే.

ఆఖరి కాగితం చూపించినప్పుడు మాత్రం పోట్లాడాను. చివరి గడిలో నేను లేను. తలుపు తెరిచి ఉంది, అంతే. బాణం లేదు, నీలమూ లేదు, పచ్చా లేదు.

"ఇందులో నేనెక్కడండీ?"

"వెళ్ళిపోయారు కదా చెల్లెమ్మా."

"మరి కెమెరా నా వెనకాల రాదా?"

"రాదు. మీరు వెళ్ళాలనుకున్నారు, వెళ్ళారు. దానికి చెప్పి వెళ్ళలేదు. పిలిచేదాకా మీరు వెనక్కి రావద్దు, అంతే."

పిచ్చి బొమ్మ అన్నాను. ఖాళీ తలుపు చూడ్డానికి ఎవరొస్తారన్నాను. ఆయన రబ్బరు తీసి, ఆ గడిలో గోడమీది గీత ఒకటి చెరిపి, ఇంకాస్త ఖాళీ చేశారు. నాతో వాదించడానికి ఆయనకి అదే పద్ధతి.

ఆ సీను తియ్యకముందే పోయారు. పెద్దకర్మ అయిన వారానికి పిల్లలు మళ్ళీ కెమెరా తీశారు. ఆ ఇంటివాళ్ళు వంటిల్లు పగలగొట్టి కొత్తది కట్టించుకుంటున్నారు, మాకు మిగిలింది ఒక్క శనివారం. అక్కడికి వెళ్ళాక మనవరాలు ఐప్యాడ్ చూపించింది. తాత కాగితాలు ఇంట్లోనే ఉన్నాయిట. కొత్తగా కంప్యూటర్లో గీశారుట, కెమెరా నా వెనకాలే తలుపు బయట డెక్ అనే చెక్క అరుగు మీదికి వచ్చి, చుట్టూ తిరిగి నా మొహం చూపిస్తుందిట. బాణాలన్నీ ఎరుపు.

నేను సింకు దగ్గర నిలబడ్డాను. కదల్లేదు. కొంచెం నడువుండ్రి అమ్మమ్మా అని హారిక బతిమాలింది. ఎరుపు కదమ్మా, నాకు ఆగమనే అర్థం అన్నాను. అవును, మొండితనమే. ఒప్పుకుంటున్నాను. నాలుగుసార్లు కెమెరా కదిలింది, నాలుగుసార్లూ నేను కదల్లేదు. గుళ్ళో మీకు చేరిన కథ ఇంతవరకే.

అప్పుడు మనవరాలు అందరినీ హాల్లోకి పంపేసింది.

"తాత లేడు అమ్మమ్మా. ఇది నా ఫిల్మ్. నేను చెప్పినట్టు చెయ్."

"నీదే. తాత కాగితం ఎందుకు తేలేదో చెప్పు, చేస్తాను."

ఓల్డ్ స్టైల్ అంది. బోర్ అంది. కాలేజీలో ఎవరూ చూడరంది. నేను గిన్నె తోముతూనే ఉన్నాను. చివరికి కిందికి చూస్తూ అంది.

"ఆ ఎంప్టీ డోర్ నేను చూడలేను. ఇంట్లో ఆ కుర్చీనే చూడలేకపోతున్నాను."

తాత పనిని తీసిపారేస్తోందని అప్పటిదాకా నా కోపం. అది కాదని తెలిశాక కోపం పోవాలి కదా, పోలేదు. ఆయన మీదికి మళ్ళింది. ఇలాంటిది గీసిన మనిషి, అది తీసే రోజుకి పక్కన ఉండొద్దూ? పిల్ల అడిగితే ఏం చెప్పాలో ఒక కాగితం మీద గీసి పెట్టొద్దూ?

"నేను కూడా చూడలేనే. అందుకే నన్ను బయటికి పంపి, నిన్ను లోపల నిలబెట్టాడు మీ తాత. ఎంతసేపు ఉండగలవో అంతసేపు ఉండు. చాలనిపించినప్పుడు నన్ను పిలు. ఆ తర్వాత నువ్వు ఎలా తీసుకుంటావో నీ ఇష్టం, అలాగే నడుస్తాను."

అది కళ్ళు తుడుచుకుని హారికని పిలిచింది. కెమెరాని స్టాండు మీద బిగించమంది. పంతం నెగ్గించుకున్నానంటే, ఇదిగో, నెగ్గించుకున్నది ఇంతే.

గిన్నె బోర్లించాను. తలుపు తీశాను. గుమ్మం దాటి, డెక్ చివరిదాకా నడిచి, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాను. మంచు ఇంకా మొదలవలేదు కానీ గాలి కోసేస్తోంది. చేతులు తడి. పక్కింట్లో ఎవరో ఆకులు ఊదే మిషను ఆపేశారు. ఇంక పిలుస్తుంది, ఇంక పిలుస్తుంది అనుకున్నాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి. మనసులో ఆయన్ని చెడామడా తిట్టాను. నా వెనకాల తలుపు తెరిచే ఉంది, లోపలి వెచ్చదనం కొంచెం నా మడమలకి తగులుతోంది, పిల్ల ఇంకా పిలవలేదు.

ఇది నేను చెప్పగా రాసింది, చదివించుకుని విన్నాను. ఇంట్లో సిరాదిమ్మె లేక బొటనవేలికి మార్కరు పూసి వేసిన ముద్ర నాది.

సన్యాసమ్మ వేలిముద్ర

రాసింది: పద్మ, కూతురు
సాక్షులు: హారిక, కెమెరా పట్టిన అమ్మాయి
అనిక, మనవరాలు, తెలుగులో సంతకం నేర్చుకుని పెట్టింది