మంచు మూట

ఓడిపోవడంలో ఖతిజిని మించిన మనిషి మా వీధిలో లేదు. శ్రీనగర్ పాతబస్తీలో ఏటా మొదటి మంచు పడిన రోజున పందేలు నడుస్తాయి. పిడికెడు మంచును దేనిలోనో చుట్టి, అదేదో వస్తువన్నట్టు ఎదుటివాడి చేతిలో పెట్టాలి. వాడు అనుమానించకుండా అందుకుంటే ఓడినట్టే, ఇచ్చినవాడికి భోజనం పెట్టాలి. ముందే పసిగట్టి పట్టుకున్నాడా, భోజనం ఖర్చు ఇచ్చినవాడి నెత్తిన పడుతుంది.

ఖతిజి కొత్త కోడలిగా వచ్చేసరికి మరిది రసూల్ తల్లి లేని పసివాడు. కాస్త ఊహ తెలిశాక ఏటా అగ్గిపెట్టెలో మంచు కుక్కి, "వదినా, అగ్గిపుల్లలు తెచ్చాను" అంటూ పొయ్యి దగ్గరికి వచ్చేవాడు. పెట్టెలోంచి మోచేతి దాకా నీళ్లు కారుతూ ఉండేవి. గుడ్డివాళ్లకైనా తెలిసిపోయే ఆ మోసం ఖతిజికి మాత్రం తెలిసేది కాదు. చేయి చాపి అందుకుని, "ఓరి దొంగ సచ్చినోడా, ఈ ఏడు కూడా ముంచావు కదరా!" అని నెత్తి బాదుకునేది.

తర్వాత వంట. ఎండాకాలం చివర కోసి, దండలు గుచ్చి, చూరుకు వేలాడదీసిన వంకాయ ఒరుగులు దింపేది. వేడినీళ్లలో నానబెట్టి, ఆవనూనెలో వేయించి, మాంసంతో కలిపి సోంపు పొడి, సొంఠి వేసి సన్నని సెగ మీద మగ్గించేది. బయట మంచు మోకాళ్ల లోతున పడుతుంటే, లోపల భర్త, మరిది, తను ఒకే రాగి పళ్లెం చుట్టూ కూర్చుని తినేవారు. మెత్తటి ముక్కలన్నీ రసూల్ వైపు తోసేది. పిల్లల్లేని మనిషి, కన్నా కనకపోయినా ఒకడున్నాడనే ధీమాతోనే బతికింది.

ఆ ధీమాకు గోడ కట్టారు. భర్త పోయి ఏడాది తిరగకముందే రసూల్ భార్య షమీమా, ఖతిజి వండే పొగబెట్టిన చేపల కంపు పిల్లల స్కూలు బట్టలకు పడుతోందని గొడవ పెట్టుకుంది.

ఖతిజి ఊరుకునే రకమా? "మీ పుట్టింట్లో గ్యాసు పొయ్యి ఉంటే ఉంది గానీ, నువ్వేం స్వర్గం నుంచి ఊడిపడలేదమ్మా" అనేసింది.

రసూల్ ఇద్దరి మధ్యా నిలబడి, ఆఖరికి ఇటు తిరిగి, "పొయ్యిలు వేరు చేసుకుందాం వదినా, అందరికీ మనశ్శాంతి" అన్నాడు. ముక్కు తుడవడం నేర్పిన మనిషికి మనశ్శాంతి నేర్పాడు మహానుభావుడు! తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పటినుంచి ఒకే ఇల్లు, మధ్యలో గోడ, రెండు గుమ్మాలు. శరదృతువులో ఖతిజి గళ్ల గుడ్డలో ఒరుగులు మూటగట్టి మరిది గుమ్మంలో ఇచ్చి వచ్చేది. మొదటి మంచు పడినప్పుడు మాత్రం అటునుంచి ఎవరూ రాలేదు. ఒక ఏడు, రెండో ఏడు కూడా.

మూడో ఏడు మంచు పడిన పొద్దున, పొరుగింటి జైనా వచ్చేసరికి ఖతిజి తన పొడుగాటి ఉన్ని అంగీ, ఫెరన్ చేతులు పైకి మడిచి మాంసం కడుగుతోంది. పక్కన పెద్ద గిన్నెలో ఒరుగులు నానుతున్నాయి.

"ఒసే, ఎవరికే ఇంత? పెళ్లివారొస్తున్నారా?"

"ఈసారి నేనే రసూల్‌కి మంచు ఇస్తానే జైనా."

"వాడు అందుకుంటే?"

"ఓడిపోతాడు, నాకు భోజనం పెట్టాలి. వాళ్లింట్లో కూర్చుని తింటాను. పట్టుకున్నాడనుకో, నేనోడిపోతాను. వాళ్లే ఇక్కడికొచ్చి తింటారు. ఎటు తిరిగినా ఒక్క పూట ఒక పళ్లెంలో తింటాం. ఎలా ఉంది నా లెక్క?"

"నీ బుర్రే బుర్ర! ఆ షమీమా మొహం చూడాలి నేను" అని జైనా పగలబడి నవ్వింది.

మంచును ప్లాస్టిక్ కవరులో పోసి, పైన గళ్ల గుడ్డ చుట్టి, ఏటా వేసే ముడే వేసింది. ఒరుగుల మూట కాదని కన్నతల్లి కూడా చెప్పలేదు. రసూల్ గుమ్మంలో మంచు తోస్తున్నాడు. ఆవిడ మూట వాడి చేతిలో పెట్టింది.

"మళ్లీ ఎందుకు వదినా శ్రమ" అంటూ అందుకుని, లోపలికి చేయి చాచి అలమరలో పెట్టి, పారతో మళ్లీ పనిలో పడ్డాడు.

ఖతిజి ఇంటికొచ్చి కూర పొయ్యి మీదకి ఎక్కించింది. రాగి పళ్లెం తోమింది. ఫెరన్ లోపల కాంగ్డీ, ఆ నిప్పుల బుట్ట పెట్టుకుని గోడ పక్కనే కూర్చుంది. విప్పగానే వాడు అరుస్తాడు, ఆ అరుపు వినాలి. వీధిలో ఎవరో పందెం గెలిచి కేకలు వేస్తున్నారు. గోడ అవతల మాత్రం కుక్కరు కూసింది, పిల్లలు ఎక్కాలు చదివారు, గిన్నెలు కడిగిన చప్పుడైంది. ఖతిజి కూర అలాగే చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున రసూల్ గుమ్మం బయటే నిలబడి తడిసిన గళ్ల గుడ్డ అందించాడు.

"ఈసారి సరిగ్గా ఎండలేదు వదినా. కుళ్లిపోయి, నీళ్లు కారి పిల్లల పుస్తకాలు తడిసిపోయాయి. షమీమా కవరు ముడి కూడా విప్పకుండా పారేసింది."

"నువ్వు విప్పి చూడలేదా?"

"అందులో చూడ్డానికేముంది? ఏమీ అనుకోకు, ఇంక పంపొద్దు. పిల్లలు ముట్టరు. ఇప్పుడు చలికాలంలో కూడా బజార్లో పచ్చి కూరలే దొరుకుతున్నాయి కదా."

ఒక్క మాట చాలు. అది మంచురా, నువ్వు ఓడిపోయావురా అంటే చాలు. కానీ అడిగి పెట్టించుకునే కూడు ఎవడికి కావాలి?

"సరే, పంపను" అంది.

వెళ్లబోతూ రసూల్ ముక్కు ఎగబీల్చి ఆగాడు. ముఖం విప్పారింది. "ఈ వాసన... మొదటి మంచు కూర కదూ! ఎవరి చేతిలో ఓడిపోయావు వదినా?"

"ఉన్నాడులే ఒక పిల్లాడు."

"ఎవరబ్బాయి? నాకు తెలుసా?"

"నీకు తెలీదు" అంది ఖతిజి.

వాడు నవ్వి, "నువ్వెప్పుడూ ఇంతే, చిన్నపిల్లలు కూడా ముంచేస్తారు నిన్ను" అంటూ పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ కూర జైనా ఇంటికి పోయింది. మరుసటేడు నుంచి ఖతిజి చూరుకు వంకాయలు కట్టలేదు.