నీడపట్టున పెంచిన ఇగ్వానా

తమ్ముడు పోయాక మా అమ్మ తన కోసం వండుకోవడం దాదాపు మానేసింది గానీ, పొద్దున్నే కత్తిపీట ముందేసుకుని కూర్చోవడం మాత్రం మానలేదు. కీరదోస చక్రాలు, పాలకూర సన్నటి తరుగు, దొరికినన్నాళ్లు పుచ్చకాయ ముక్కలు. అవన్నీ తమ్ముడు పెంచిన ఇగ్వానాకు. తను మాత్రం రాత్రి మిగిలిన అన్నంలో ఇంత పచ్చడి కలుపుకుని, అది కూడా సగం వదిలేసేది.

ఇగ్వానాను చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. మూరెడు ఒళ్లు, దానికి రెండింతల తోక, వీపు మీద దువ్వెన పళ్లలాంటి ముళ్లు. చూడ్డానికి ఉడుముకు చుట్టంలా ఉంటుంది కానీ ఆకులూ పువ్వులూ తప్ప మాంసం ముట్టదు. హైదరాబాద్‌లో తమ్ముడి స్నేహితుడొకడు మోజుపడి కొనుక్కుని, గది ఖాళీ చేసేటప్పుడు వదిలించుకోవాలని చూస్తే, మావాడు అట్టపెట్టెలో పెట్టుకుని బస్సులో నరసరావుపేట తెచ్చాడు. ఇంటి బల్లి మీద పడితేనే తలస్నానం చేసి, కంచి బల్లిని ముట్టొచ్చినవాళ్లు వీధిలో ఎవరున్నారా అని వెతికే మనుషులం మేము. నేను పెద్ద గొడవ చేశాను. వాడు నవ్వి, "నీ మేనల్లుడక్కా, ఎత్తుకో" అన్నాడు. వాడికి సంబంధాలు చూస్తున్న రోజులవి. అమ్మ ఆ మాట పట్టుకుని దాన్ని మనవడనే పిలవడం మొదలుపెట్టింది.

తమ్ముడు దాన్ని శ్రద్ధగా చూసుకున్నాడు. పనికి వెళ్లేముందు మేడ మీదకు తీసుకెళ్లి పిట్టగోడ మీద ఎండకు వదిలేవాడు. పక్కింటి మునగచెట్టు ఆకు దూసుకొచ్చి పెట్టేవాడు, మందార పువ్వులు పెట్టేవాడు. కుబుసం విడిచే రోజుల్లో వేళ్ల దగ్గర పొర బిగుసుకుపోతే రక్తం ఆడక వేలు నల్లబడి రాలిపోతుందట. అందుకని గోరువెచ్చటి నీళ్ల టబ్బులో నిలబెట్టి, బాగా నానాక మెత్తటి బ్రష్షుతో ఒక్కో వేలూ రుద్దేవాడు. పొర రాకపోతే లాగేవాడు కాదు, మర్నాడు మళ్లీ నానబెట్టేవాడు. తన బట్టలు తాను ఏనాడూ ఉతుక్కున్న మనిషి కాదు. నేను దెప్పితే, నువ్వున్నావుగా అక్కా అనేవాడు.

వాడు కరెంటు స్తంభాలు నిలబెట్టే కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. మే నెలలో కారంపూడి అవతల చేలల్లో లైను లాగుతుంటే కళ్లు తిరుగుతున్నాయని స్తంభం పక్కనే కూలబడ్డాడట. కనుచూపు మేరలో చెట్టు లేదు. తోటివాళ్లు అలిసిపోయాడనుకుని పని చేసుకుంటూ పోయారు. ఎవరో తిరిగి చూసేసరికి ఒళ్లంతా కొట్టుకుంటోంది. నరసరావుపేట ఆసుపత్రికి తెచ్చాక నేను నుదుటి మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టే ఉంది. సాయంత్రానికి పోయాడు. అక్కడే ఎవరైనా నీడకు చేర్చి తడిగుడ్డ కప్పి ఉంటే దక్కేవాడేమో అని డాక్టరు అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ పక్కనే ఉంది, వింది.

దినం అయిపోయిన మర్నాడే అమ్మ ఇగ్వానాను మేడ మీద నుంచి కిందకు దించింది. నడిమింట్లో గాజుపెట్టె పెట్టించి, కిటికీలకు దళసరి దుప్పట్లు కట్టి, ఎదురుగా కూలర్ తిప్పింది. మునగాకు వేడి చేస్తుందని మాన్పించింది. చలవ చేసేవే పెట్టాలని కీరా, పుచ్చకాయ, పాలకూర, అప్పుడప్పుడూ మజ్జిగన్నం. మధ్యాహ్నం పూట పాత చీర ముక్క తడిపి దాని వీపు మీద కప్పేది. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నా కాపురం రెండు వీధుల అవతల. రోజూ వెళ్లి చూసేదాన్ని. చీకటి గదిలో కూలర్ హోరు మధ్య ఆ తల్లి ఒక జంతువుకు తడిగుడ్డ మారుస్తూ కూర్చుని ఉండేది.

వీధిలోవాళ్లు ఊరుకుంటారా. ఉడుమును ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుందని ఒకరు, అది అడుగుపెట్టిన వేళే మంచిది కాదని ఒకరు. మూలింటి పెద్దాయనైతే, ఎటూ పెంచే దిక్కు లేదు కాబట్టి కోయించి ఇస్తే నడుం నొప్పికి వండుకుంటానని కబురు పంపాడు. నోటికొచ్చింది అనేసే మనిషినని నాకు బంధువుల్లో పేరు. వాళ్ల గుమ్మం ముందుకు వెళ్లి ఆ పేరు నిలబెట్టుకున్నాను. అప్పటి నుంచీ ఎవరూ మాకు సలహాలు ఇవ్వలేదు.

వానలు వెనకబట్టేనాటికి ఇగ్వానా తొడలు లావెక్కాయి. మనవడు ఒళ్లు చేశాడని అమ్మ మురిసిపోయింది. తమ్ముడు పోయాక ఆమె ముఖంలో అలాంటి వెలుగు చూడటం అదే మొదలు, నేనూ సంతోషించాను. తర్వాత అది పెట్టెలో వేసిన కొమ్మ ఎక్కడం మానేసింది. పొట్టను నేల మీద ఈడ్చుకుంటూ తిరిగేది. నాలుగైదు రోజులకోసారి గానీ దొడ్డికి వెళ్లేది కాదు. ముందుకాళ్ల వేళ్లు ఊరికే వణికేవి, ఒక్కోసారి ఒళ్లంతా ఉలిక్కిపడినట్టు అదిరేది. చలి కాబోలని నేను కూలర్ ఆపితే అమ్మ మళ్లీ వేసింది. చివరికి కీరా ముక్క నోట్లో పెట్టుకుని నమలలేక వదిలేయడం చూసి, గుడ్డ పరిచిన బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అమ్మ రానంది. ఆసుపత్రి అనే మాటే ఆమెకు పడదు.

గేదెల, గొర్రెల మధ్య నా బుట్ట చూసి జనం మూగారు. డాక్టరు కుర్రవాడే. తాను ఇలాంటివాటికి ఎప్పుడూ వైద్యం చేయలేదని ముందే చెప్పి, విజయవాడలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చూశాడు. కింది దవడను వేలితో మెల్లగా నొక్కితే అది రబ్బరులా లోపలికి వెళ్లింది. తొడల్లో ఉన్నది కండ కాదు, వాపు. ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పట్టి చూపించాడు. ఎముకలు ఉండీ లేనట్టున్నాయి, వెనక కాలు ఒకటి ఎప్పుడో విరిగింది కూడా. ఈ జాతి ఒంట్లో సున్నం నిలవాలంటే నేరుగా ఎండ తగలాలట. గాజులోంచి వచ్చే ఎండ పనికిరాదు. పైగా గాజుపెట్టెను ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది, అందుకని బయటకు తీసి, పక్కన నీడా నీళ్లూ ఉండేలా చూసి, పొద్దుటి ఎండలో వదలాలి. పాలకూర ఉన్న కాస్త సున్నాన్నీ ఒంటికి పట్టనివ్వదు. కీరా నీళ్లే తప్ప బలం కాదు. చల్లటి గదిలో తిన్నది అరగదు. మునగాకు పెట్టండి అన్నాడు. మందు సీసా ఇచ్చి, గట్టిగా పట్టుకుంటే ఎముకలు విరుగుతాయి, అరచేతుల మీద మోయండి అని చెప్పాడు.

తిరిగి వస్తూ ఆటోలో ఏడ్చాను. అమ్మ చేసిన ప్రతి పనీ ఒక్కొక్కటిగా లెక్కకు వచ్చింది. ఇంటికి వెళ్లాక మందు గురించి చెప్పాను, మునగాకు గురించి చెప్పాను, ఎండలో పెట్టాలని చెప్పాను. ఎందువల్ల జబ్బు చేసిందో మాత్రం చెప్పలేదు.

మందుకు ఒప్పుకుంది. ఎండ అనేసరికి కత్తిపీట పక్కకు నెట్టి లేచింది.

"ఏందే నువ్వనేది? ఒకణ్ణి ఎండకిచ్చింది చాల్లేదా?"

అది కార్తీక మాసం. ఆ ఎండకు ఆరేసిన బట్టలే సరిగ్గా ఆరవు. అదే మాట అన్నాను, ఇంకా చాలా అన్నాను. మే నెల ఎండకూ ఈ ఎండకూ తేడా తెలియదా అని కసిరాను. ఆమె గాజుపెట్టెకు అడ్డంగా కూర్చుంది. తెల్లవార్లూ అలాగే కూర్చుంటుందని తెలుసు, నేనే వెనక్కి తగ్గాను. ఇంట్లోనే ఎండలా పనిచేసే లైటు ఉంటుందని డాక్టరు చెబితే, అక్వేరియం షాపులో అడిగి తెచ్చి బిగించాను. తర్వాత దాని ఫోటో పంపితే, అది నీలం రంగు వెలుతురు తప్ప మరేమీ కాదని డాక్టరు చెప్పాడు. ఆ లైటు కింద అమ్మ రోజూ తృప్తిగా కూర్చునేది.

ఒక ఉదయం అమ్మ కబురు పెడితే పరుగెత్తాను. ఇగ్వానాకు మూర్ఛ వచ్చింది. కాళ్లు బిగదీసుకుని, తల వెనక్కి వంచి కొట్టుకుంటోంది. అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఫ్రిజ్ నీళ్లలో ముంచిన తువ్వాలు మీద తువ్వాలు కప్పుతోంది. వడదెబ్బే, వీడికీ వడదెబ్బే అంటోంది. ఎండ ముఖం చూసి నెలలైన ప్రాణికి. నేను ఆ తడిగుడ్డలు లాగేశాను. ఆమె మళ్లీ కప్పింది, నేను మళ్లీ లాగాను. ఇద్దరం పెనుగులాడాం. చివరికి ఆమె చేతులు వదిలేసి, "ఆడ ఎవరూ కప్పలేదే వాడికి" అంది. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

డాక్టరు ఇంటికే వచ్చి ఇంజెక్షన్ చేశాడు. గుమ్మంలోనే ఆయన్ను ఆపి, ఎండ కావాలని మాత్రం చెప్పండి, ఇంకేమీ అనొద్దు అని బతిమాలాను. ఆయన దుప్పట్లు కట్టిన కిటికీలను, కూలర్‌ను చూసి అర్థం చేసుకున్నాడు. ఇక ఎండే మందు, అది కూడా ఆలస్యమైపోయింది అని అమ్మకు చెప్పాడు. అమ్మ తడి తువ్వాళ్లన్నీ పోగుచేసి పక్కన పెట్టింది. తర్వాత, "నువ్వే తీసుకుపో. నేను చూడలేను" అంది నాతో.

మర్నాటి నుంచి రోజూ అరచేతుల మీద మోసుకుంటూ మేడ మీదకు తీసుకెళ్లాను. బండల మీద గోనెపట్టా వేసి, పక్కన చాప వాల్చి నీడ చేసి, చిప్పలో నీళ్లు పెట్టేదాన్ని. మొదటి రోజు అమ్మ మెట్ల దగ్గరే నిలబడి, అయిందా, ఇక చాలు అంటూ నన్ను తొందరపెట్టింది. కాసేపటికి ఇగ్వానా రంగు ముదిరింది, కళ్లు అరమోడ్చి గొంతు ఎత్తింది. రోజులు గడిచేకొద్దీ అమ్మ ఒక్కో మెట్టే ఎక్కి, చివరికి చాప నీడన వచ్చి కూర్చుంది. మునగాకు నూరి వేలి మీద పెట్టి అందిస్తే అది నాకింది. అమ్మ నా వంక చూసి నవ్వింది. ఆ వారంలోనే ఆమె రెండు పూటలా తినడం చూశాను. బతుకుతుందనే నమ్మాను, అమ్మ కూడా.

తర్వాత ఒక పొద్దున ఎండలో పెట్టిన కాసేపటికి అది ఒక్కసారి నోరు తెరిచి, తల గోనెపట్టా మీద వాల్చేసింది. అమ్మ అరచేయి దాని వీపు మీదే ఉంది. ఊపిరి ఆగిన సంగతి నాకంటే ముందు ఆమెకే తెలిసింది. ఏడవలేదు. కొంగు తీసి దాని మీద నీడ పట్టింది.

నేను పిట్టగోడ దగ్గరకు వెళ్లి డాక్టరుకు ఫోన్ చేశాను. లోపల మూత్రపిండాలు ఎప్పుడో పాడైపోయి ఉంటాయనీ, ఈ పది రోజుల ఎండ వల్ల చెడు జరగలేదనీ, ఆ చీకటి గదిలో ఉంచకపోతే ఏళ్ల తరబడి బతికేదనీ అన్నాడు. మంచి మనిషి, బాధపడుతూనే చెప్పాడు. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే అమ్మ నన్నే చూస్తోంది.

"ఏమన్నాడు?"

పుట్టినప్పటి నుంచీ నోరు అదుపులో పెట్టుకోలేనిదాన్ని. ఆ క్షణంలో నిజం నాలుక చివరే ఉంది.

"ఎండకు తట్టుకోలేకపోయిందన్నాడమ్మా" అన్నాను.

"నేను చెప్పలా? చెప్తే విన్నావా? నీ చేతులతో నువ్వే చంపావు."

"అవునమ్మా."

అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వెళితే తలుపు తీస్తుంది, మంచినీళ్లు ఇస్తుంది, లోపలికి వెళ్లిపోతుంది. పక్కింటి పిన్ని ఆమెకు తోడుగా పడుకుంటోంది కాబట్టి విషయాలు తెలుస్తాయి. ఒక పూటైనా సరిగా తింటోందట. వచ్చినవాళ్లందరికీ చెబుతోందట, కన్నకూతురే వాడి బిడ్డను ఎండకు పెట్టి చంపిందని, తన దగ్గర ఉన్నన్నాళ్లూ కాలికి మట్టంటకుండా నీడపట్టున చూసుకున్నానని. మీ అమ్మ అంత ప్రాణంగా చూసిందటగా అని పిన్ని నన్ను అడుగుతుంది. చానా బాగా చూసింది పిన్నీ అంటాను.