గోకుంద నుంచి నాందేడ్‌కు: ఇటుకల ఆట మిషనును బాగుచేయించిన రోజు

దసరా మర్నాడు మా మేనమామ పోశెట్టి టీవీ ముందు కూర్చుని గేమ్ మిషను మీట నొక్కితే తెర మీద ఏమీ రాలేదు. అప్పటి నుంచి ఆయన కుడి చేతిని ఒళ్ళోంచి తీయడం మానేశాడు. ఈ ప్రయాణం అందుకోసం చేసిందే. మిషను బాగైతే చెయ్యి మళ్ళీ కదులుతుందని నా ఆశ. పాత గేమ్ మిషన్లు ఇంట్లో పెట్టుకుని, ఎక్కడ బాగుచేయించాలో తెలియనివాళ్ళకు దారి కూడా తెలుస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ మిషను సంగతి చెప్పాలి. తొంభైలలో నేను నాందేడ్‌లో కాలేజీ చదువుతున్నప్పుడు స్టేషను దారిలో ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పత్రికలు అమ్మేవారు. వాటిలో వీడియో గేముల పత్రికలు ఉండేవి. గేములు ఆడే స్తోమత లేదు కాబట్టి వాటి గురించి చదివేవాణ్ణి. ఆ పత్రికలు మా ఫుట్‌పాత్ దాకా వచ్చేసరికి బాగా పాతబడేవి. ఏదో కొత్త మిషను రాబోతోందని మేము సంబరపడే నాటికి అది వచ్చి, అమ్ముడుపోక, బజారు నుంచి వెళ్ళిపోయి ఉండేది. అలా వెళ్ళిపోయినవాటిలో ఒకటి కొన్నాళ్ళకు నాందేడ్‌లోనే ఉన్న వజీరాబాద్ బజారులో మిగిలిన సరుకుగా కనిపిస్తే తక్కువలో కొన్నాను. తయారుచేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. దానికి దొరికిన క్యాసెట్ ఒక్కటే. పై నుంచి ఇటుకలు పడుతుంటే తిప్పి వరుసలుగా పేర్చే ఆట.

మామ గోకుందలో గౌండీ పని చేసేవాడు, అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ. నిరుడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. వేళ్ళు ఆడిస్తూ ఉంటే కొంత వస్తుందని డాక్టరు రబ్బరు బంతి పిసకమన్నాడు. మామ ఆ బంతిని ఎడమ చేత్తో వాకిట్లోకి విసిరేశాడు. నేను ఆ పాత మిషను తెచ్చి టీవీకి తగిలిస్తే ఇటుకల ఆటకు మాత్రం కూర్చున్నాడు. “వరస నిండంగనే మాయమైతది. ఇదేం గోడ అల్లుడా, దీనికి కూలి ఎవడిస్తడు?” అని తిడుతూనే రోజూ ఆడేవాడు. మెల్లగా కుడి బొటనవేలు కదలడం మొదలైంది.

దసరాకు ఆయుధపూజలో తాపీ, మట్టం పక్కన ఈ మిషనును కూడా పెట్టించాడు. ఇప్పుడు తన పనిముట్టు ఇదేనన్నాడు. వణికే కుడి చేత్తోనే తడి పసుపు పూసి, కుంకుమ పెట్టి, చెంబులోంచి నీళ్ళు చల్లాడు. పూజలో పెట్టిన పనిముట్టును మాలో తెల్లవారేదాకా ముట్టరు. అందుకని ఎవరమూ తుడవలేదు. మర్నాడు అది పలకలేదు. “నా చెయ్యి తాకింది, అది గూడ పడిపోయింది,” అన్నాడు మామ. తర్వాత ఎవరెంత చెప్పినా ఆ చేతితో దేన్నీ తాకలేదు. అన్నం కూడా అత్తే కలిపి పెట్టేది.

బయలుదేరే రోజు కూడా రానన్నాడు. అత్త మిషనును పాత తువ్వాలలో చుట్టి సంచిలో పెడుతూ, “నువ్వు పోకుంటె దీన్ని పాత సామాన్ల భంగారోనికి ఏస్త. నిన్ను గూడ ఏద్దునుగని వాడు తీసుకోడు,” అంది. మామ చెప్పులు తొడుక్కున్నాడు.

గోకుందను ఆనుకుని ఉన్న కిన్వట్ బస్సు స్టాండులో పొద్దున ఆరు గంటలకు నాందేడ్ బస్సు ఉంటుంది. ఇస్లాపూర్, హిమాయత్‌నగర్, భోకర్ మీదుగా నాలుగు గంటల పైన పడుతుంది. టికెట్ మనిషికి డెబ్బై చిల్లర. ఇస్లాపూర్ దాకా రోడ్డు బాగా లేదు, వెనక సీట్లలో కూర్చుంటే ఎగిరి పడతారు. అందుకే ముందుగా వెళ్ళి డ్రైవరు వెనక సీటు పట్టుకున్నాం. మామ సంచిని ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో అదిమి పట్టుకున్నాడు. పైన పెట్టుకోవచ్చు కదా, అందులో ఏముంది అని కండక్టరు మరాఠీలో అడిగాడు.

“పేషంట్,” అన్నాడు మామ.

కండక్టరు టికెట్లు చింపి ఇచ్చి వెనక్కి వెళ్ళాడు. భోకర్‌లో బస్సు పావుగంట ఆగింది. స్టాండు బయట పోహే అనే అటుకుల ఉప్మా, చాయ్ ఇద్దరికీ కలిపి పదిహేను రూపాయలలోపే అయ్యాయి. మామ చాయ్ మాత్రమే తాగాడు.

నాందేడ్‌లో దిగేసరికి పదిన్నర దాటింది. వజీరాబాద్ నడిచి వెళ్ళేంత దూరమే గానీ మామ కోసం ఆటో మాట్లాడుకున్నాను, ఇరవై రూపాయలు. మొదటి దుకాణంలో తువ్వాల విప్పకముందే వద్దన్నారు. సెల్‌ఫోన్లు తప్ప వేరేవి చూడరట. వాళ్ళే పక్క గల్లీలో నర్సింగ్ అనే ఆయన పాత టీవీలు, గేములు చూస్తాడని పంపారు. నర్సింగ్ తెలుగువాడే. మిషనును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఈ కంపెనోడు ఎప్పుడో దుకాణం బంద్ చేసిండు. సామాను దొరకది. లోపల చిప్పు పోతే మాత్రం దండం పెట్టుడే,” అన్నాడు.

“పోయిందంటవా?” అని అడిగాను.

“ఇప్పకుంట ఎట్ల చెప్పాలె? మూడింటికి రాండ్రి.”

మామ దుకాణం లోపలికి రాలేదు. గడప బయట నిలబడి రోడ్డు చూస్తున్నాడు. కుడి చేతి మీద కండువా కప్పుకుని ఉన్నాడు.

మూడు దాకా ఏం చేయాలి? గురుద్వారాకు వెళ్ళి తలకు రుమాళ్ళు కట్టుకుని లంగర్‌లో భోజనానికి కూర్చున్నాం. అక్కడ భోజనానికి డబ్బులుండవు, ఎవరైనా కూర్చోవచ్చు. తెలియనివాళ్ళకు ఒక్క పద్ధతి చెప్పాలి. రొట్టెను పళ్ళెంలో వేయరు. రెండు చేతులూ చాచి అందుకోవాలి. నేను అందుకున్నాను. మామ ఎడమ చెయ్యి చాచాడు. వడ్డిస్తున్న పెద్దాయన రొట్టె పట్టుకుని ఆగాడు.

“దోనో హాథ్, బాబా,” అన్నాడు మెల్లగా.

ఆయన చెయ్యి బాగా లేదని హిందీలో చెప్పబోయాను. వడ్డించే ఆయన నా వైపు చూడలేదు. వెనక వరుస ఎదురుచూస్తోంది. మామ కాసేపు పళ్ళెంలోకి చూసి, కండువా తీసి, ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకున్నాడు. కుడి అరచెయ్యి సగమే తెరుచుకుంది. ఆ సగంలో రొట్టె పెట్టి పెద్దాయన ముందుకు వెళ్ళిపోయాడు. మామ వేళ్ళు రొట్టె చుట్టూ కొద్దిగా ముడుచుకున్నాయి.

“కాలవట్టె,” అన్నాడు.

“ఆ చేతికి తెలుస్తదా మామా?”

“తెల్వక? రొట్టె రొట్టె తీర్గనే ఉంటది గదా. తిను.”

భోంచేసి స్టేషను వైపు వచ్చాం. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఇప్పటికీ అమ్ముతున్నారు కానీ ఎక్కువగా పోటీ పరీక్షల గైడ్లే. అడుగున ఒక కట్టలో మాత్రం గేముల పత్రికలు నాలుగైదు కనిపించాయి. ఒకదాని అట్ట మీద మా మిషను బొమ్మే ఉంది. పది రూపాయలకు తీసుకున్నాను. మామ అట్టను వేలితో తట్టి ఏం రాశారని అడిగాడు.

“ఇగ అన్ని మిషన్లకు ఇదే రాజు, పదేండ్లదాక దీన్ని కొట్టేది రాదు అని రాసిండ్రు.”

“ఎన్ని రోజులు నడిచింది?”

“ఏడాదిన్నర గూడ నడవలే.”

“రాసినోళ్ళు ఏమన్నరు మరి?”

“ఈ పత్రిక గూడ మూతబడ్డది మామా.”

మామ కాసేపు నవ్వాడు. దసరా తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. “చేసినోడు పాయె, పొగిడినోడు పాయె. నేనే దానికి బొట్టు పెట్టి చంపిన అనుకుంటున్న,” అన్నాడు.

మూడింటికి వెళ్ళేసరికి మిషను బల్ల మీద విప్పి ఉంది. క్యాసెట్ దూర్చే చోట పసుపు, కుంకుమ కలిసి ఎండి పెచ్చుగట్టాయి. నర్సింగ్ ఆ పెచ్చును పట్టకారుతో ఎత్తి చూపించాడు.

“దీనికి పెండ్లి చేసిండ్రా ఏంది? హల్దీ గూడ పూసిండ్రు.”

“దసరాకు నేనే పెట్టిన,” అన్నాడు మామ గడప దగ్గర నుంచి. “నా చెయ్యి మంచిది గాదు.”

“చేతికేమైంది కాకా? తడి పసుపు లోపటికి దిగింది. తుడవకుంట రాత్రంత పెట్టిండ్రు. ఎవ్వరు పెట్టినా గిట్లనే అయితది. మొన్న ఒకాయన టేప్‌రికార్డర్‌కు కొబ్బరికాయ కొట్టుకొచ్చిండు. చిప్పు మంచిగనే ఉన్నది.”

మామ లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నర్సింగ్ స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, టీవీకి తగిలించాడు. బొమ్మ వచ్చింది. ఇటుకలు పడసాగాయి. కానీ చేత్తో పట్టుకుని ఆడే రిమోట్‌లో కుడివైపు మీటలు పలకలేదు. ఎడమవైపువి మాత్రమే పనిచేస్తున్నాయి.

“దీనికి గూడ ఒక దిక్కు లక్వా అచ్చిందిరా,” అన్నాడు మామ. నర్సింగ్‌కు మొదట అర్థం కాలేదు. లక్వా అంటే మా వైపు పక్షవాతం. మామ కుడి చెయ్యి చూశాక నవ్వాలో వద్దో తెలియక స్క్రూలు వెతుక్కున్నాడు. మీటల కింద రబ్బరు పసుపు నీళ్ళకు అతుక్కుపోయిందట. వేరే పాత రిమోట్‌లోని రబ్బరును కత్తిరించి అమర్చాడు. అంతా కలిపి నూట యాభై తీసుకున్నాడు.

“చూడుండ్రి కాకా,” అని రిమోట్‌ను మామ చేతుల్లో పెట్టాడు.

మామ దాన్ని ఒళ్ళో ఆనించుకున్నాడు. మొదటి ఇటుక అడ్డంగా పడిపోయింది, రెండోదీ అంతే. మూడోది సగం దిగేసరికి కుడి బొటనవేలు మీటను నొక్కింది. ఇటుక తిరిగి సందులో కూర్చుంది. వరుస నిండి మాయమైంది. మామ ఇంకో వరుస నింపాడు. నేను చాయ్ చెప్పడానికి బయటికి వచ్చి, గల్లీలో కాసేపు ఊరికే నిలబడ్డాను. 

నాలుగున్నర బస్సు దొరికింది. అన్నం వేళకు ఇల్లు చేరాం. దారిలో పత్రిక తిరగేస్తుంటే ఒకటి అనిపించింది. అందులో పొగిడినవి దాదాపు అన్నీ పోయాయి. పొగిడిన కారణాలతో మాకు పని కూడా పడలేదు. దానిలో ఎన్ని రంగులుంటాయి, ఎంత వేగం అన్నది మామకు అక్కర్లేదు. నొక్కితే తిరగాలి, అంతే. ఇప్పుడు తిరుగుతోంది. అన్నం తనే కలుపుకుంటున్నాడు, సగం పళ్ళెం బయట పడుతుంది, అత్త తిడుతుంది. ఇల్లు మళ్ళీ మామూలుగా ఉంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: మిషనుతో పాటు రిమోట్, క్యాసెట్, వైర్లు అన్నీ పట్టుకెళ్ళండి. చెడింది దేనిలోనో అక్కడికి వెళ్ళేదాకా తెలియదు. ఆయుధపూజలో పెడితే మాత్రం బొట్టు మిషనుకు కాకుండా అది వచ్చిన అట్టపెట్టెకు పెట్టమని నర్సింగ్ చెప్పాడు. మామ ఒప్పుకున్నాడు. ఎవరు పెట్టాలన్న దగ్గర మాత్రం వినలేదు. అట్టపెట్టెకైనా సరే, ఆ బొట్టు తన కుడి చేత్తోనే పెడతాడట.