రైట్ అంటే ఎటు?

ఇరవై ఆరేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా నిలబడి నిలబడి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. రిటైరయ్యాక కూర్చుని చేసే పని ఒక్కటీ ఆమెకు నచ్చలేదు, కంప్యూటర్లో విమానాలాట తప్ప. ఎక్కడెక్కడి వాళ్లో ఆన్‌లైన్లో చేరి ఎవరి విమానం వాళ్లు నడుపుకుంటారు. ఆమె విమానం జోలికే పోలేదు. నేలమీద ఏది కదలాలో, ఏది ఆగాలో మైకులో చెప్పే గ్రౌండ్ కంట్రోలర్ కుర్చీ పట్టుకుంది. కిక్కిరిసిన బస్సులో జనాన్ని సర్దిన మనిషికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. గుంపులో అందరూ ‘అక్కా’ అనేవారు. ఆమె కూర్చుంటే ఎయిర్‌పోర్టు గొడవ లేకుండా సాగేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కాస్త గర్వం కూడా.

“బస్సు వదిలినా నోరు వదల్లేదే నువ్వు,” అనేవాడు దర్జీ పని చేసే భర్త.

“నేను నోరు మూసుకుంటే విమానాలు గుద్దుకుంటాయండీ.”

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ నోరే గుద్దించింది. పళ్ల డాక్టరొకాయన నాలుగు గంటలు ఓపిగ్గా నడుపుకుంటూ వచ్చి దిగాడు. గేటుకు పోయే దారిలో కూడలి దగ్గర ఆగి, “అక్కా, కదలమంటారా?” అని అడిగాడు.

“రైట్, రైట్!” అంది.

బస్సులో రైట్ అంటే పోనిమ్మని. కానీ డాక్టరు బస్సెక్కి ఎన్నేళ్లయిందో. పైగా ఎదురుగా మ్యాపు పెట్టుకుని కూర్చున్నాడు. కుడికి తిరిగి, బయల్దేరబోతున్న ఇంకో విమానాన్ని నిలువునా గుద్దాడు. ఇద్దరి ఆటా అక్కడితో సరి. వెనక పద్దెనిమిది విమానాలు ఇరుక్కుపోయాయి.

గుంపు పెద్ద ఒక లెక్కల మాస్టారు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

“తప్పుగా అనుకోకండి అక్కా. మీ కుర్చీ సంగతి ఈ వారంలో తేల్చమంటున్నారు అందరూ.”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక్క ప్రయాణికుణ్ణి కింద పడనివ్వలేదు. తప్పు డాక్టరుదేనని రెండు రోజులు తనలో తానే పోట్లాడింది. మూడో రోజుకి చల్లబడింది. అన్నది ఒకటీ విన్నది ఇంకొకటీ అయితే, అన్నవాళ్లు సరిగ్గా అననట్టే.

నాలుగో రోజు నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టింది. కదలమనాలంటే ‘ముందుకు కదలండి’ అనాలి, ఇంకో మాట లేదు. పక్కలు చెప్పాలంటే కుడి, ఎడమ. ‘రైట్’ అన్న మాట మైకులో వినబడనే కూడదు. పైలట్ తాను విన్నది తిరిగి అప్పజెప్పి, అవుననిపించుకున్నాకే చక్రం కదలాలి. ఇదంతా ఒక్క తప్పూ లేకుండా పరీక్షలో చేసి చూపించినవాళ్లకే కుర్చీ.

గుంపంతా ఒప్పుకుంది, తానూ పరీక్షకొస్తానన్న డాక్టరుతో సహా.

“ఇంత రాశాక మీకు పరీక్షేంటక్కా, ఊరికే పేరుకి,” అన్నాడు మాస్టారు.

శనివారం పొద్దున పరీక్ష. ముప్పై విమానాలు. ఇరవై తొమ్మిదింటిని పూసలు గుచ్చినట్టు పంపించింది. ముప్పయ్యో పైలట్ పద్ధతి ప్రకారం అప్పజెప్పాడు: “కుడికి తిరిగి గేటుకి. అంతేనా అక్కా?”

“రైట్,” అంది.

విమానం సరిగ్గా కుడికే తిరిగి గేటు చేరుకుంది. ఎవరికీ గీటు కూడా పడలేదు.

“ఏమీ కాలేదుగా,” అన్నాడు మాస్టారు. “నేను వినలేదనుకోండి.”

“నాకు వినబడింది మాస్టారూ.”

“అక్కా, ఈ ఒక్కసారికి...”

“ఈ ఒక్కసారికి వదిలేస్తే రేపు ఎవర్నాపుతారు? డాక్టరుగారు కూడా పరీక్షకొస్తానన్నారుగా, పిలవండి.”

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. భర్త పని ఆపి వచ్చాడు.

“ఏమైందే? నువ్వు రాసిన రూలు పనికిరాదన్నారా?”

“పనికొచ్చిందండీ,” అంది కళ్లు తుడుచుకుంటూ. “ముందు నన్నే దించేసింది.”