కొత్త అమ్మగారు, పిడికెడు బియ్యం

మా చర్చికి కొత్త పాస్టరుగారి కుటుంబం వచ్చిన రోజు ఊరంతా ఎండుచేపల వాసనగా ఉంది. సామాన్ల వ్యాను దిగుతూనే పాస్టరుగారి భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయారు. మేమంతా చూస్తున్నామని గమనించి, అదే కొంగుతో చంకలో ఉన్న పాప మొహం తుడిచారు. ఆవిడ నాకు అక్కడే నచ్చారు.

మాది కళింగపట్నం వైపు చిన్న బాప్టిస్టు సంఘం. కూలికి వెళ్లేవాళ్లు ఎక్కువ. కొందరికి పొలాలు, కొందరికి చిన్న ఉద్యోగాలు. అంతకుముందున్న పాస్టరుగారు చాలా ఏళ్లు మాతో ఉండి బదిలీ మీద వెళ్లిపోయారు. వీడ్కోలు రోజున కళ్లు వాచేలా ఏడ్చిన ఆడవాళ్లే, వారం తిరక్కుండా ఆ ఇంటికి సున్నం వేయించి, గదులు కడిగి, కొత్తవాళ్లకు భోజనం వండారు.

చేపల పులుసు గిన్నె మోసుకెళ్లే పని నాకు పడింది. గుమ్మంలో ఇచ్చి వచ్చేద్దామనుకున్నాను. కొత్త మనుషుల ముందు నాకు మాట పెగలదు. ఆవిడ అప్పటికే ఒక అట్టపెట్టె విప్పుతున్నారు. అందులో పుస్తకాలు. నా చూపు అటు పోవడం కనిపెట్టి, "చదువుతావా అమ్మాయ్?" అన్నారు. తలూపాను. "అయితే గిన్నె కడిగిచ్చేలోపు ఒకటి ఏరుకో" అన్నారు. మా ఊళ్లో అంతవరకూ నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆవిడ ఇక్కడ కుదురుకోవాలని, మా ఊరు నచ్చక వేరే చోటికి బదిలీ అడగకూడదని, ఆ రోజు నుంచి నా ప్రార్థనలో ఒక మాట చేరింది.

మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి, ప్రభు భోజనపు బల్ల ముందు పెట్టిన పెద్ద స్టీలు బేసిన్‌లో పోస్తారు. అదంతా పాస్టరుగారింటికి వెళ్తుంది. ఒకరిది ఉప్పుడు బియ్యం, ఒకరిది కోటా బియ్యం, ఒకరిది కొత్త పంట, ఇంకొకరిది పురుగు ఏరిన పాత బియ్యం. అన్నీ కలిసి ఒకటే కుప్ప.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఒకరోజు పాస్టరుగారింటి ముందు ఆటో ఆగి, కొట్టు నుంచి బియ్యం బస్తా దింపడం ఎవరో చూశారు. ఆ వారం స్త్రీల సమాజంలో పాట మొదలవకముందే మాట మొదలైంది.

"బస్తా దించీసినారంట."

"సన్నబియ్యమంట."

"మరి మన బియ్యవేటైనట్టు?"

"మనవి పనికిరావు గావాల. ఒంగోలోల్ల నోటికి రుసి ఎక్కువ."

పాస్టరుగారి భార్యను మేం అమ్మగారు అంటాం. కొత్త అమ్మగారిది ఒంగోలు వైపు. మా మేనత్త స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ, "ఎవులిష్టం ఆలది. మనకేల" అంది. అత్త ఆ మాట అన్నదంటే బాగా నొచ్చుకున్నట్టు లెక్క.

మా దగ్గర పాస్టరుగారి ఇంటివాళ్లను ఎదురుగా ఎవరూ ఏమీ అనరు. ఏదైనా ఉంటే బేసిన్‌తో చెబుతారు. మరుసటి ఆదివారం బియ్యం సగానికి రాలేదు. ఆపై ఆదివారం బేసిన్ అడుగు మెరుస్తూ కనిపించింది. డబ్బాలు రాలేదు. మా అత్త వట్టి చేతులతో వచ్చి, ముందు వరసలోనే కూర్చుంది.

కొత్త అమ్మగారికి ఈ పద్ధతి తెలియదు. ఆవిడ బేసిన్‌లోకి చూసి చాలాసేపు అలాగే నిలబడ్డారు. ముగింపు ప్రార్థన ఆవిడనే చేయమన్నారు. "ప్రభువా, ఈ ఊళ్లో పొయ్యి వెలగని ఇళ్లను జ్ఞాపకం చేసుకో. వాళ్లు నోరు తెరిచి అడగలేరు" అన్నారు.

ఆడవాళ్లు మూసిన కళ్లు సగం తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు. నా పక్కనున్న పిన్ని నా చెవిలో, "ఎవులింట్లోనే పొయ్యి ఎలగనిది?" అని అడిగింది.

సోమవారం పొద్దున అమ్మగారు మా ఇంటికి వచ్చారు. చంకలో పాప, చేతిలో బరువైన గుడ్డ సంచి. "మీ అత్తగారిల్లు చూపిస్తావా? నిన్న ఆవిడ ఏమీ తేలేదు. పెద్దామె, ఏం తింటన్నారో ఏమో" అన్నారు.

మా అత్తకు వంశధార కాలువ కింద పొలం ఉంది. దారిలో ధైర్యం తెచ్చుకుని, "ఆవిడకి బియ్యం ఉన్నాయండీ" అన్నాను.

"ఉన్నాయనే అంటారమ్మా. మా అమ్మా అంతే. ఇంట్లో గింజ లేని రోజు కూడా పొయ్యి మీద నీళ్లు పెట్టి మంట వేసేది. పక్కింటోళ్లు పొగ చూడాలని."

పాపను ఎత్తుకుంటానని చేతులు చాపాను. వచ్చింది.

అత్త వసారాలో కూర్చుని ఎండు రొయ్యల తలలు తుంచుతోంది. మమ్మల్ని చూసి లేచి, "ఒసే గుంటా, అమ్మగారిని తెచ్చినప్పుడు ముందు సెప్పొద్దేటి" అంటూ నాకు చీవాట్లు పెట్టి, ఆవిడకు కుర్చీ వేసింది.

ఆవిడ కూర్చోలేదు. సంచి అత్త కాళ్ల దగ్గర పెట్టి, "ఇవి ఉంచండి. ఎవరికీ చెప్పను" అన్నారు.

అత్త సంచి మూతి విప్పి చూసింది. "ఏటమ్మా ఇది?"

"బియ్యమండీ."

"బియ్యవని నాకూ కనిపిస్తన్నాది. నాకెందుకు?"

అప్పుడు పడింది ఆవిడ చూపు, అత్త వెనక గోడ పొడుగునా పేర్చి ఉన్న ధాన్యం బస్తాల మీద. మొహం ఎర్రబడింది. "బేసిన్ ఖాళీగా ఉంటే... మీకు జరగటం లేదేమో అనుకున్నా" అన్నారు. సంచి వైపు చూస్తూ, "అయితే నా మీద కోపమా అండీ?" అన్నారు.

"కోపం కాదమ్మా. మా బియ్యం మీకు పడనేదని, బస్తా దించుకున్నారని అనుకున్నాం."

"పడక కాదు. అన్నీ కలిసిన బియ్యం నాకు వండటం చేతకాలా. సగం ముద్దవుతాది, సగం పలుకు. అయ్యగారు మాట్లాడకుండా తింటారు. పాప అరక్క రెండు రాత్రులు ఏడ్చింది. వదులుకోలేక అవన్నీ డబ్బాలో పోసి దాచా. ఒక్క గింజ కూడా పారేయలా."

అత్త ఆవిడను చూసింది, పాపను చూసింది, సంచిని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. "అదెవులికొచ్చు తల్లీ? ముందున్నమ్మ మాత్రం వొండిందేటి? ఒకపాలి వొండి, ఏడిసి, మరి వొండనేదు. నానబెట్టి అట్లకి రుబ్బీది. మీటింగుకెల్తే మాకు పెట్టినవి ఆ అట్లే."

"మీకు తెలిసే తిన్నారా?"

"మా బియ్యం మాకు తెల్దేటి?"

"మరి ఆవిడను ఎవరూ ఏమీ అనలేదా?"

అత్త రొయ్యల చేట పక్కకు జరుపుతూ, "అననేదేటి. ఆయమ్మకీ ఎండగట్టినాం బేసిను, కొన్నాల్లు" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మా వైపు చూడలేదు.

అమ్మగారు సంచి తీసుకోబోయారు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంటికి తెచ్చినది ఎనక్కి అట్టుకెల్తారేటి." లోపలికి వెళ్లి ఆ సన్నబియ్యం తన కుండలో ఒంపుకుంది. సంచి ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి దాన్నిండా మినపప్పు పోసి తెచ్చింది. "పప్పు తక్కువెయ్యకండి. అట్టు రేకైపోద్ది. పాపకి మెత్తగా వొత్తి పెట్టండి" అంది.

తిరిగి వచ్చేటప్పుడు చర్చి మలుపు దగ్గర అమ్మగారు, "నీ మాట విననందుకు బాగా అయిందిలే నాకు" అని తనలో తాను నవ్వుకున్నారు.

ఆదివారం మా అత్త అందరికంటే ముందు వచ్చి బేసిన్‌లో డబ్బా బోర్లించింది. మిగతావాళ్లలో కొందరు డబ్బాలు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నారు. కొందరు అసలు తేలేదు. పిన్ని ముందుకు వంగి, "ఏటొదినా, కోపం తీరిపోనాదేటి?" అని గుసగుసగా అడిగింది.

అత్త గొంతు తగ్గించడం ఎరగదు. "నాను ఆకలితో ఉన్నానేమోనని పిల్లనెత్తుకుని ఎండలో బియ్యం మోసుకొచ్చిందే ఆయమ్మ. నా కన్నబిడ్డలెవులూ అలగ అడగనేదు. ఇంకా ఏటి కోపం?"

పిన్ని డబ్బా మూత తీసుకుంటూ లేచింది.