టిఫిన్ డబ్బా మూత

నా చిన్నప్పుడు హైదరాబాదు నాచారంలో పగలంతా మా గదికి బయట తాళం ఉండేది, లోపల నేనుండేదాన్ని. ఈ మాట చెబితే మా కోడలు నోరు వెళ్ళబెడుతుంది. మరి మా అమ్మ ఏం చెయ్యాలట? నాన్న రైలు పట్టాల పని మీద ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు. జనగామ వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళం, ఇక్కడ మాకు చుట్టాలెవరు? అమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి పోతూ నా కోసం గిన్నెలో అన్నం, చెంబుతో నీళ్ళు పెట్టి తాళం వేసేది. నాకు నాలుగేళ్ళు నిండాయో లేదో. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేదాన్ని. మౌలాలి వైపు రైలు కూస్తే దానితో మాట్లాడేదాన్ని. ఇంకెవరున్నారు గనక!

ఆ రోజుల్లోనే మా గల్లీ చివర సర్కారు చిన్నపిల్లల కోసం బాలవాడి పెట్టింది. రేకుల కప్పు, ఒకటే గది. పైసా కట్టనక్కరలేదు, పైగా మధ్యాహ్నం ఉప్మా. అక్కడి ఆయమ్మ పిల్లల కోసం ఇల్లిల్లూ తిరుగుతూ మా కిటికీ దగ్గర ఆగింది. ఊచల వెనక నన్నూ, తలుపు తాళాన్నీ చూసి వెళ్ళింది. సాయంత్రం అమ్మ తాళం తీసే వేళకు గడపలో తయారు.

"ఏందమ్మా గిది, పిల్లను కోడిపిల్ల లెక్క గంప కింద మూసినవ్? మా బాలవాడికి తోలరాదా?"

"బాలవాడి మధ్యాహ్నమే మూస్తరంట గదా అక్కా. నా డ్యూటీ సాయంత్రం దాక ఉంటది. గా నడుమ పిల్లనెవలు జూస్తరు?" అంది అమ్మ.

దానికి సర్కారు దగ్గర జవాబు లేదు. ఆయమ్మ దగ్గర ఉంది. "నేను లేనా? నువ్వొచ్చేదాంక నా తాన్నే ఉంటది తియ్" అంది.

మొదటి రోజు గల్లీ ఎగిరిపోయేలా ఏడ్చాను. గదిలో ఉంటే అమ్మ ఆ గదికి రాక తప్పదు, ఇక్కడ వదిలేస్తే మళ్ళీ ఎందుకొస్తుంది? నా లెక్క అది. అమ్మ కొంగు వదలలేదు. అంతలో ఫ్యాక్టరీ సైరన్ మోగింది. ఆలస్యమైతే గేటు మూస్తారు, పని పోతుంది.

ఆయమ్మ అమ్మ చేతిలోని టిఫిన్ డబ్బా లాక్కుని, మూత ఊడదీసి నాకిచ్చింది. "మూత లేకుంటే రేపు మీ అమ్మ అన్నమెట్ల తీస్కపోతది? దీని కోసమన్న రావాలె గదా! జర భద్రంగ పట్టుకో."

నాకు సబబుగానే తోచింది. ఏడుపు ఆపాను. అమ్మ డబ్బాకు గుడ్డ కట్టుకుని పరుగెత్తింది.

ఇక రోజూ మూత నాది, డబ్బా అమ్మది. మిగతా పిల్లలు పాటలు పాడుతుంటే నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూర్చునేదాన్ని. మధ్యాహ్నం అందరినీ వాళ్ళ వాళ్ళు వచ్చి తీసుకుపోయేవారు. ఖాళీ గదిలో ఆయమ్మ రవ్వ జల్లించుకుంటూ ఉంటే, నేను మూతను చక్రంలా దొర్లించుకునేదాన్ని.

ఒక వానరోజు అది గడప దాటి, వాలులో దొర్లుకుంటూ పోయి పెద్ద మోరీలో పడింది. నీళ్ళు దాన్ని ఉప్పల్ వైపు లాక్కుపోయాయి. నా పైప్రాణం పైనే పోయింది. ఇక అమ్మ రాదు. ఎందుకొస్తుంది, మూతే లేదాయె! ఆయమ్మతో చెప్పలేదు. చెబితే ఆమె కూడా తన దారి తాను చూసుకుంటుందని భయం. దానికి తోడు ఆ సాయంత్రం అమ్మ నిజంగానే రాలేదు. సైరన్ మోగింది, వీధి దీపాలు వెలిగాయి. ఆయమ్మ నన్ను కొంగు కింద కప్పుకుని మెట్ల మీద కూర్చుంది. ఆ కొంగు వెచ్చగానే ఉంది. కానీ ఈ లోకంలో నాకెవరూ లేరని అంతగా మళ్ళీ ఎప్పుడూ అనిపించలేదు, మా ఆయన పోయిన నాడు తప్ప.

రోడ్డంతా చెరువై దారే కనబడలేదట. అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వచ్చింది.

"అమ్మా, మూత పోయింది!" అని బావురుమన్నాను.

ముందు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను ఎత్తుకుని, తడి చెంప నా చెంపకు ఆనించింది. "మూత ఎవలికి గావాలె బిడ్డా! నేనొచ్చింది నీ కోసం గాదా?"

ఆయమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు మా గల్లీ సర్కారు బడిలో చిన్నపిల్లల తరగతి తెరిచారు. ప్రైవేటు వాళ్ళ ఫీజు విని గుండె పట్టుకున్న మా కోడలు నా మనవరాలిని అక్కడే చేర్చింది. కొడుకూ కోడలూ పనికి పోతారు, దించేదీ తెచ్చేదీ నేనే. గేటు దగ్గర ఆ పిల్ల నా చేతిసంచి పట్టుకుని లాగుతుంది. "నానమ్మా, ఇది నాకిచ్చిపో. అప్పుడైతే వస్తవ్."

నేనివ్వను. "నువ్వున్నవ్ గద బిడ్డా, సంచెందుకు?" అంటాను.

తర్వాత ఇంటికి వచ్చి నా తాళం నేనే తీసుకుంటాను. అమ్మ లేదు, ఆయమ్మ లేదు, ఆయనా లేడు. కిటికీ దగ్గర నిలబడితే మౌలాలి వైపు రైలు కూస్తుంది. బడి విడవడానికి ఇంకా చాలా పొద్దుండగానే చెప్పులు తొడుక్కుంటాను.