బొమ్మల వెనక పేరు లేదు

ఆసుపత్రిలో ఫిక్రియా కుర్చీని దుప్పట్ల గది పక్కకు మార్చినప్పుడు ఆమె ఎందుకని కూడా అడగలేదు. ఎందుకని కూడా అడగలేదు. చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళిన కుర్ర ఉద్యోగి వాయిల్, "ఇక్కడ గాలి బాగా వస్తుందక్కా" అన్నాడు. గాలి రాదు. ఉతికిన దుప్పట్ల మందు వాసన వస్తుంది. ఆమె తలూపి కూర్చుంది.

అంతకుముందు ఆమె ఆ ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. పుట్టుకతోనే చూపు లేదు. అలెగ్జాండ్రియా ఈ కొస నుంచి ఆ కొసనున్న అగమీ దాకా, ఇంట్లో జబ్బు మనిషి ఉన్న ఎవరు ఫోన్ చేసినా ముందు వినిపించేది ఆమె గొంతే. ఏడుస్తున్నవాళ్ళ చేత ఊరూ పేరూ చెప్పించడం, ఏ వార్డో కనుక్కుని కలపడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

కంప్యూటర్ వచ్చినప్పుడు కూడా ఆమె బెదరలేదు. తెర మీద ప్రతి బటన్‌కూ ఒక మాట రాసి ఉండేది. తెరను చదివి వినిపించే గొంతొకటి ఆమె ఇయర్‌ఫోన్లో "కలుపు", "ఆగమను", "ముగించు" అని చెబుతూ ఉండేది. వేళ్ళు మీటల మీద, మాట చెవిలో, పని సాగిపోయేది.

తర్వాత డైరెక్టర్ డాక్టర్ రఅఫత్ కొత్త ప్రోగ్రాం కొన్నాడు. బస్బూసా మిఠాయి పంచిపెట్టి అందర్నీ పిలిచి చూపించాడు. అక్షరం ముక్క లేదు, అన్నీ బొమ్మలే, తెర ఎంత శుభ్రంగా ఉందో చూడండి, చదువురానివాడికి కూడా ఇట్టే అర్థమవుతుంది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫిక్రియా కూడా కొట్టింది.

మర్నాడు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే, "బటన్. బటన్. బటన్" అంది గొంతు. అంతే. బొమ్మ గీసినవాళ్ళు దాని వెనక పేరు రాయలేదు. పేరు లేనిదాన్ని ఆ గొంతు మాత్రం ఏమని పిలుస్తుంది? టీ పెట్టే ఉమ్ షెహాతా ఆ ఇయర్‌ఫోన్ లాక్కుని తన చెవిలో పెట్టుకుంది.

"ఏమ్మా, దర్జీ కొట్టేమైనా తెరిచావా? ఒక్క చొక్కాకు ఇన్ని బటన్లా?"

"కుట్టాక నీకే ఇస్తాలే. నీ మొగుడి పొట్టకి ఇన్నీ కావాలి" అంది ఫిక్రియా.

నవ్వు నవ్వే, పని పనే. వాయిల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మో అడిగి వరస కంఠస్థం చేసింది. కొన్నాళ్ళు బండి నడిచింది. ఒక పొద్దున ఆ ప్రోగ్రాం అమ్మిన కంపెనీవాళ్ళు ఎక్కడో కూర్చుని ఆ వరస మధ్యలోకి కొత్త బొమ్మ ఒకటి దూర్చారు. ఎవరూ ఆమెకు చెప్పలేదు.

ఆ రోజే అగమీ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కూతురి మీద మరిగే నూనె ఒలికిందట, తల్లి పిల్లనెత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తిందట, తను ఇంకా దారిలోనే ఉన్నాడట. "ఉండు నాయనా, కలుపుతున్నా" అని నొక్కింది. ఫోన్ తెగిపోయింది. ఆయన మళ్ళీ చేశాడు. మళ్ళీ తెగింది. ఆమె వేలి కిందికి "ముగించు" బొమ్మ జరిగొచ్చిందని ఆమెకెలా తెలుస్తుంది?

పిల్ల బతికింది. తండ్రి మాత్రం ఊరుకోలేదు, ఫిర్యాదు రాసిచ్చాడు. ఆయన తప్పేముంది?

డైరెక్టర్ కేకలేయలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని మెత్తగా చెప్పాడు.

"ఫిక్రియా గారూ, ఇక మీరు ఇంట్లో హాయిగా ఉండండి. మీ పేరు మా దగ్గరే ఉంటుంది, జీతం మీకొస్తుంది. మీలాంటివాళ్ళు సిబ్బందిలో ఇంతమంది ఉండాలని చట్టం. ఉన్నారుగా. అందరికీ మంచిదే."

తిట్టి గెంటేస్తే తిరగబడొచ్చు. దయ చూపించి తలుపేసేవాడితో ఎలా కొట్లాడతారు? నేను వస్తూనే ఉంటానండీ అని మాత్రం అనగలిగింది. అందుకే ఆ కుర్చీ, ఆ దుప్పట్ల వాసన. ఇంట్లో మరదలు, "కూర్చోబెట్టి జీతమిస్తామంటే ఏడుస్తావేంటి వదినా?" అంది. ఉద్యోగం మానేస్తే తిండికి తమ్ముడి మీద పడాలి. ఉంటే ఆ దుప్పట్లలో తనూ ఒకటి. నోరెత్తితే విశ్వాసం లేనిదంటారు. ఎటు జరిగినా గోడే.

ఒకరోజు కంపెనీ తరఫున బాసెం అనే అతను ఏదో వైరు బాగుచేయడానికి వచ్చాడు. ఉమ్ షెహాతా అతని చేతిలో టీ గ్లాసు పెట్టి ఫిక్రియా ముందు నిలబెట్టింది.

"ఆ బొమ్మల వెనక పేర్లు పెట్టలేరా బాబూ? తెర మీద కనబడక్కర్లేదు, మీ అందం మీకే ఉంటుంది. నా చెవికి వినబడితే చాలు" అంది ఫిక్రియా.

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "పెట్టొచ్చు మేడమ్. పెద్ద పనేం కాదు, పొద్దున మొదలెడితే భోజనాల వేళకి అయిపోతుంది. అసలు మొదట్లోనే పెట్టాల్సింది. ఎవరూ అడగలేదు."

"నేను అడుగుతున్నా."

"మీరడిగితే చాలదు మేడమ్. కొన్నవాళ్ళు అడగాలి. డాక్టర్ గారు రెండు ముక్కలు రాసిస్తే చేసేస్తాం."

ఫిక్రియా వెళ్ళి అడిగినా డాక్టర్ గారు రాయలేదు. ఒక్కరి కోసం మొదలుపెడితే రేపు ఇంకొకరు వస్తారన్నాడు. మీకు జీతం ఆగిందా అని అడిగాడు. ఆగలేదంది. మరింకేం అన్నాడు.

ఇప్పుడు ఆమె స్థానంలో వాయిల్ కూర్చుంటున్నాడు. కళ్ళున్న వాయిల్‌కీ ఆ బొమ్మలు సరిగ్గా అంతుబట్టవు. బాణం గుర్తున్న ఫోన్ బొమ్మలు రెండున్నాయి, ఏది కలపడమో ఏది మళ్ళించడమో తికమక. ఫోన్లు తెగుతూనే ఉంటాయి. "అయ్యో, పోయిందే" అని నవ్వుతాడు. కొత్తవాడు, నేర్చుకుంటాడులే అంటారు అందరూ. ఆ మాట ఫిక్రియా గురించి ఎవరూ అనలేదు. నడవా అవతల ఫోన్ మోగిన ప్రతిసారీ ఆమె వేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదులుతాయి. మీద చెయ్యి అదిమిపెట్టుకుని కూర్చుంటుంది. ఇవాళ కూడా అక్కడే ఉంది.

ఇది చదివేవాళ్ళలో ప్రోగ్రాములు తయారుచేసేవాళ్ళుంటే, బొమ్మ పెట్టిన చేత్తోనే పేరు కూడా రాయండి. కళ్ళున్నవాళ్ళ కోసం పైకి కనబడేలా రాస్తే ఇంకా మంచిది. అయ్యాక తెర ఆర్పేసి, చెవితో మీ పని మీరే చేసి చూడండి. కొనేవాళ్ళుంటే, చూపులేని మనిషి దీంతో పని చేసి చూపించేదాకా సంతకం పెట్టకండి. ఈ రెండూ కానివాళ్ళు, మీ ఆఫీసులో ఏ మూలనో జీతమిచ్చి ఊరికే కూర్చోబెట్టిన మనిషెవరైనా ఉన్నారేమో చూడండి. ఉంటే, ఏం మారిస్తే పనిచేయగలరో ఆ మనిషినే అడిగి, అది చేయించమని పైవాళ్ళ వెంటపడండి. ఫిక్రియా అడిగింది. ఆమె అడిగితే చాలదన్నారు. మీరూ అడగండి.